అద్దం మీద మూడు దెబ్బలు

ఆ స్టూడియోలో ఏడో నంబరు ఫ్లోరు వెనకాల ఒక నీళ్ళ తొట్టి ఉంది. తొట్టి అంటే పెరట్లో గాబు అనుకునేరు... రెండు లారీలను ఒకదాని మీద ఒకటి పేర్చి దింపినా పైన మనిషి మునిగేంత నీళ్ళు మిగులుతాయి. మూడు గోడలు సిమెంటు. నాలుగోది మాత్రం నిలువెత్తు దళసరి అద్దం. అద్దానికి ఇవతల ఒక చీకటి గది, అద్దాల గది అంటారు. ఆ గదిలో కెమెరా పెట్టుకుంటే నీళ్ళ అడుగున జరిగేదంతా చుక్క తడి తగలకుండా తీసుకోవచ్చు.

పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. మనుషుల మాట సరే, ఒకసారి ఒక పిల్లి గోడ మీద దర్జాగా నడుచుకుంటూ ఆ గది దాకా వచ్చి, వెనక్కి తిరిగే ధైర్యం కూడా చాలక, వచ్చిన దారినే తోక ముందు పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచిపోయిందట. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

పన్నెండేళ్ళుగా ఆ నీళ్ళు ఎవరూ మార్చలేదు. పన్నెండు ఎండాకాలాలు వచ్చిపోయాయి... జానెడు కూడా తగ్గలేదు. పైన మాత్రం పచ్చగా, దుప్పటి కప్పినట్టు పాచి.

ఎందుకంటే, ఆ నీళ్ళు ఒకడిని తిన్నాయి.

వాణ్ణి అందరూ చేపగాడు అనేవాళ్ళు. వాడు మునిగాడంటే గట్టు మీదవాళ్ళు టీ తెప్పించుకుని, అది చల్లారిపోతే మళ్ళీ వెచ్చబెట్టించుకుని తాగినా పైకి తేలేవాడు కాదు. చేపలు వాణ్ణి చూసి ఈత దిద్దుకునేవని చెప్పుకునేవాళ్ళు. ఆ రోజుల్లో నీటిమనిషి సినిమా ఒకటి తీస్తున్నారు. సగం మనిషి, సగం చేప, ఒళ్ళంతా పొలుసులు, వేళ్ళ మధ్య పొరలు, బాతు పాదాలు. ఆ రబ్బరు తొడుగులో దూరి నీళ్ళలో తిరిగేది చేపగాడే.

తొడుగు కుట్టింది వాడి అక్క.

ఆవిణ్ణి ఊరంతా కుట్టక్క అనేది. ఆవిడ కుట్టులోంచి నీళ్ళే కాదు, పుకారు కూడా బయటికి రాదని పేరు. ఆవిడకొక పద్ధతి ఉండేది. నీళ్ళ తొడుగు ఏది కుట్టినా, దాని నిండా నీళ్ళు పోసి, జిప్పు మూసి, రాత్రంతా కొక్కేనికి వేలాడదీసేది. కింద పాత పేపరు పరిచేది. తెల్లారి ఆ పేపరు మీద ఒక్క చుక్క మరక కనిపించినా సరే, మొత్తం విప్పి మొదటినుంచి కుట్టేది. తమ్ముడి తొడుగు కింద పరిచిన పేపరు మీద అచ్చు తప్ప ఇంకేమీ లేదు. ఆ పేపరు మడిచి పెట్టె అడుగున దాచుకుంది. ఎందుకు దాచిందో అప్పటికి ఆవిడకే తెలియదు.

మర్నాడే చేపగాడు పోయాడు.

సీసపు బరువులతో దిగినవాడు తనంతట తాను తేలలేడు, తొడుగులో గాలి ఎంతోసేపు ఉండదు. మెడ కింద ఒక బిరడా... అది తీసి గొట్టం పెడితే గాలి వస్తుంది. గట్టు మీద గొట్టం తాత కూర్చునేవాడు. చేపగాడు రెండు చేతులూ పైకెత్తితే తాత గొట్టంతో దూకేవాడు. అదీ సైగ. ఆ రోజు మాత్రం నీటిమనిషి చచ్చిపోయే ఘట్టం. పొద్దున్నే దర్శకుడు చెప్పాడు, ఈ షాట్‌లో రెండు చేతులూ ఎత్తడం నటనలో భాగం, నేను కేక వేసేదాకా ఎవరూ నీళ్ళలోకి దిగొద్దని. అద్దాల గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. కెమెరా తనే పట్టాడు. తలుపు వేసుకున్నాడు.

కేక వినిపించేసరికి అంతా అయిపోయింది.

దర్శకుడు ఏడ్చాడు. గట్టిగానే ఏడ్చాడు. కుట్టు విచ్చుకుందని, నీళ్ళు నిండి రాయిలా దిగిపోయాడని, సైగ చేసే టైము కూడా దొరకలేదని చెప్పాడు. ఆ సాయంత్రమే, చూడలేకపోతున్నానంటూ తొడుగును పెట్రోలు పోసి తగలబెట్టించాడు.

కుట్టు విచ్చుకుంది. రెండే ముక్కలు. ఆ రెండు ముక్కలు కుట్టక్కను పన్నెండేళ్ళు తిన్నాయి. నీళ్ళ పని మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. గుండీలు కుట్టుకుంటూ, అంచులు మడుచుకుంటూ బతికింది. కన్నతల్లి పోయేరోజు కూడా ఆవిడ చేతి నీళ్ళు తాగలేదు. గ్లాసు నోటి దగ్గర పెడితే... మొహం గోడకు తిప్పుకుంది.

అట్లాంటి చోటికి, పన్నెండేళ్ళ తర్వాత, ఆ దర్శకుడే తిరిగొచ్చాడు. ఇప్పుడు పెద్దవాడు. ఆయనకంటే ముందు కారు, కారుకంటే ముందు పేరు వస్తాయి. అదే నీటిమనిషి కథ మళ్ళీ తీస్తానన్నాడు, అదే తొట్టిలో. కుట్టక్కను పిలిపించి, ఫ్లోరులో నలభైమంది వింటుండగా నవ్వుతూ అన్నాడు.

"ఈసారైనా గట్టిగా కుట్టక్కా. మనుషులు ఊరికే దొరకరు."

ఎవరూ నవ్వలేదు. కుట్టక్క తల ఊపి కొలతలు రాసుకుంది. ఆ పెన్సిలు ఎంత గట్టిగా పట్టుకుందో, రాయడం అయ్యేసరికి రెండు పెన్సిళ్ళయింది.

ఆవిడ మొగుడు లైట్ల పని చేస్తాడు. స్టూడియో అందరికీ లైట్ల బావ. నిచ్చెన లేకుండా స్తంభం ఎక్కేస్తాడు గానీ బకెట్లో నీళ్ళు చూసినా రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఆ రాత్రి ఆవిడ తన ఆలోచన చెప్పగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏమే, మతి పోయిందా. పోలీసులకు చెబుదాం."

"ఏమని చెబుదాం? పన్నెండేళ్ళ కిందటి పేపరు పొడిగా ఉందనా?"

"ఆయన గుండె ఆగిపోతే?"

"ఆగనీ. నోరు అంతకుముందు ఆగకపోతే చాలు."

ఆలోచన ఇదీ. దర్శకుడికి ఒక అలవాటుంది. పని అయిపోయాక రోజూ గంటసేపు అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. ఒక్క బల్బు వేసుకుని, గుడ్డ కుర్చీలో, ఆ పచ్చటి నీళ్ళ వంక చూస్తూ షాట్లు ఊహించుకుంటాడు. ఆయన కారు కదలకుండా ఎవరూ ఇంటికి పోకూడదు కాబట్టి పనివాళ్ళంతా ముంగిట్లో పేకాట వేసుకుని ఎదురుచూస్తారు. తొడుగు పూర్తయిన రోజు ఆవిడే అందులో దూరుతుంది. నీళ్ళలోకి దిగుతుంది. ఆయన ఎదుట, అద్దానికి అవతల నిలబడి, తమ్ముడు ఎత్తినట్టే రెండు చేతులూ ఎత్తుతుంది.

ఆ పైన ఆయన నోటినుంచి ఏం వస్తుందో వినడానికి ముంగిట్లో ఇరవైమంది ఉంటారు.

పగలు తొడుగు కుట్టింది. రాత్రిళ్ళు ఇంట్లో నీళ్ళ డ్రమ్ములో కూర్చుని ఊపిరి బిగపట్టడం నేర్చుకుంది. బావ గడియారం పట్టుకుని పక్కన నిలబడేవాడు. మూడు నెలలకు నాలుగు నిమిషాలు ఉండగలిగిందని బావ అంటాడు. నాకు చెప్పినవాళ్ళు ఆరంటారు. నేను ఎవరినీ నొప్పించకుండా ఏడు అని చెబుతున్నాను.

కొత్త తొడుగుకు వేళ్ళ మధ్య పొరలు లేవు. దర్శకుడే వద్దన్నాడు, ఈసారి పొడుగాటి గోళ్ళు కావాలన్నాడు. కుట్టడం అయ్యాక నీళ్ళు నింపి కొక్కేనికి వేలాడదీసింది. తెల్లారి పేపరు చూసింది. అచ్చు తప్ప ఇంకేమీ లేదు.

"ఇవాళే," అంది.

చీకటి పడింది. ముంగిట్లో పేక కలుపుతున్న చప్పుడు. అద్దాల గదిలో బల్బు వెలిగింది. తొట్టి గట్టు మీద బావ నీళ్ళవైపు చూడకుండా తొడుగు జిప్పు మూశాడు, నడుముకు తాడు కట్టాడు, సీసపు బరువులు తగిలించాడు.

"తాడు ఒక్కసారి లాగితే చాలు, పైకి లాగేస్తా."

రబ్బరు తల ఊగింది. నీటిమనిషి గట్టు అంచున కూర్చుని... పాచి దుప్పటి మెల్లగా పక్కకు తొలగించుకుని... లోపలికి జారిపోయింది.

నీళ్ళు అంత చల్లగా ఉంటాయని ఆవిడ అనుకోలేదు. రబ్బరు మీంచి కూడా ఎముకకు తగిలింది. దిగుతోంది... దిగుతోంది... పైన వెలుతురు పచ్చబడి, నల్లబడి, పోయింది. పాదాలకు అడుగు తగిలింది. ఇక్కడే, అనుకుంది. వాడు ఆఖరున నిలబడింది ఇక్కడే.

ఎదురుగా పచ్చటి మసకలో పసుపు మచ్చ — బల్బు. దాని కింద కుర్చీ. కుర్చీలో ఆయన. ఆయన వెనకాల గోడ దగ్గర నల్లగా, నిలువుగా ఏదో ఉంది. తొడుగులు తగిలించే కొయ్యబొమ్మ కాబోలు, ఇక్కడికెవరు తెచ్చారు అనుకుంది.

అడుగులో అడుగు వేసుకుంటూ అద్దం దగ్గరికి వెళ్ళింది. వెలుతురులోకి వచ్చింది.

రెండు చేతులూ ఎత్తింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు. ఆవిడ గుండె ఉప్పొంగింది... ఒక్క క్షణమే. తర్వాత ఆయన మొహం సడలింది. కిందనుంచి పైదాకా తేరిపార చూశాడు. గోళ్ళు చూశాడు. మెడ కింద బిరడా చూశాడు. తనే చెప్పి చేయించుకున్న తొడుగు, కుట్టు చూసి మనిషిని పోల్చలేడా?

నవ్వాడు.

లేచి అద్దం దగ్గరికి వచ్చాడు. రెండు చేతుల వేళ్ళతో చదరం కట్టి, అందులోంచి ఆవిణ్ణి చూశాడు, షాట్ ఎలా ఉందో చూసుకున్నట్టు. బాగుందన్నట్టు తల ఆడించాడు. పెదవులు కదిలాయి. మాట వినపడలేదు గానీ ఆవిడకు తెలిసింది. "అక్కా" అన్నాడు.

మూడు నెలల డ్రమ్ము, పన్నెండేళ్ళ మంట... అన్నీ ఆ నవ్వులో పడి ఆరిపోయాయి. చేతులు దించాలనుకుంది. దించబుద్ధి కాలేదు. కళ్ళలో నీళ్ళు. వాటిని తుడుచుకోవడానికి కూడా వీల్లేని మొహం. ఊపిరి అయిపోతోంది. చెవుల్లో హోరు. ఎదుట ఆయన మొహం తప్ప ఇంకేమీ ఆనడం లేదు.

ఆ హోరులో —

టప్.

తన గుండే అనుకుంది.

టప్.

అద్దం కొద్దిగా అదిరింది.

టప్.

దర్శకుడి నవ్వు మొహం మీదే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారాయి. ఆయన ఇప్పుడు ఆవిడ వంక చూడటం లేదు. మెల్లగా... చాలా మెల్లగా... మెడ పక్కకు తిప్పుతున్నాడు.

బల్బు ఆరిపోయింది.

ఆవిడ తాడు లాగింది.

ముంగిట్లో ఏం జరిగిందో పేకాటవాళ్ళు నేటికీ పోటీలు పడి చెబుతారు. అద్దాల గది తలుపు గడియతో సహా ఊడి వచ్చిందట. దర్శకుడు తలుపు తియ్యలేదు, తలుపులోంచే వచ్చాడట. ఒక చెప్పు లేదు. వచ్చి సరిగ్గా పేకల మధ్య పడ్డాడు. గొట్టం తాత ఆయన్ను లేపి, బిడ్డను సముదాయించినట్టు వీపు నిమిరాడు. చెయ్యి తీసి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఏం చెమటయ్యా బాబూ. వీపంతా స్నానం చేసినట్టుంది."

"పెద్దవాళ్ళ చెమట పచ్చగా ఉంటుంది కాబోలు," అన్నాడు పేక పంచుతున్నవాడు, చొక్కా భుజం చూసి. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు.

దర్శకుడు తాత చొక్కా పట్టుకుని వదల్లేదు. 

"కొట్టాడు తాతా. మళ్ళీ కొట్టాడు."

అప్పటికి కుట్టక్క వచ్చింది. తొడుగు నడుము దాకా వలిచి ఉంది. జుట్టునిండా పాచి. వెనక తాడు ఈడ్చుకుంటూ బావ. పేకాటవాళ్ళలో ఇద్దరు గోడ ఎక్కారు. దర్శకుడు మాత్రం ఆవిణ్ణి చూసి బెదరలేదు.

"నువ్వేనని తెలుసక్కా," అన్నాడు. "నిన్ను చూసి కాదు."

తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఆ రోజు చేతులెత్తడం నటన అయిపోయింది కదా, మరి గాలి అయిపోతే నేనేం చెయ్యాలని చేపగాడు అడిగాడట. అద్దం మీద అరచేత్తో మూడు దెబ్బలు కొట్టు, నేను వింటాను కదా అన్నాడట. గదిలో తానొక్కడే. ఆ సంగతి తనకూ వాడికీ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

"కొట్టాడు. మూడుసార్లు. విన్నాను." ఆయన కళ్ళు నేల మీదే ఉన్నాయి. "షాట్ చాలా బాగుంది... ఇంకొక్క పది అంకెలు లెక్కపెట్టి ఆపుదామనుకున్నాను."

 గొట్టం తాత నేల మీద కూలబడ్డాడు. పన్నెండేళ్ళు తనకే చెవుడు వచ్చి కేక వినలేదేమోనని ఏడ్చినవాడు ఆ ముసలాయన.

కుట్టక్క ముందుకు వచ్చింది. ఆవిడ గొంతు పూర్తిగా మామూలుగా ఉంది.

"నా కుట్టు?"

"లేదక్కా... విచ్చుకోలేదు."

"మరి నీళ్ళు?"

"తాతను డాక్టరు కోసం పంపాను. మిగతావాళ్ళు వచ్చేలోగా జిప్పు పక్క కుట్టు నేనే చింపాను. నీళ్ళు నేనే పోశాను." మొహం తుడుచుకున్నాడు. "తీసేసరికి లోపల వాడి చొక్కా పొడిగా ఉంది. చుక్క దిగలేదు."

పొడిగా ఉంది. ఆ మాట విని కుట్టక్క కూర్చుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. తడి చేతులు ఒడిలో పెట్టుకుని, వాటినే చాలాసేపు చూసుకుంది. చాలా కాలం తర్వాత కలిసిన మనుషులను చూసుకున్నట్టు.

దర్శకుడు లేచాడు. పట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ కారు దాకా పోయి, తనే నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

"అద్దం మీద కొట్టాలని నీకెలా తట్టిందే?" ఇంటికి పోతూ బావ గుసగుసగా అడిగాడు.

"నేను అద్దం ముట్టుకోలేదయ్యా."

ఆ రాత్రి బావ ఇంట్లో అన్ని లైట్లూ వేసే పడుకున్నాడు. లైట్లవాడు కదా... వీధి కూడా పగలైపోయిందట.

తెల్లవారగానే ఇద్దరూ స్టూడియోకు వెళ్ళారు. కుట్టుగది తలుపు తీయగానే కుట్టక్క ఆగిపోయింది. కొయ్యబొమ్మ మూలన, ఎప్పుడూ ఉండేచోటే ఉంది. మీద దుమ్ము కూడా చెదరలేదు.

అద్దాల గదిలోకి ఆవిడ ఒక్కతే నడిచింది. కుర్చీ బోర్లా పడి ఉంది. అద్దం మీద, మనిషి భుజమంత ఎత్తున, మూడు పచ్చటి అరచేతి ముద్రలు. అయిదేసి వేళ్ళు. వేళ్ళ మధ్య, చివరిదాకా... పొరలు.

ఆ కొలత ఆవిడ టేపు పెట్టి చూడనక్కర్లేదు.

బావ తొట్టి గట్టు మీద పడుకుని, పొడుగాటి కర్రకు బ్రష్షు కట్టి నీళ్ళలోకి దించాడు. అద్దాన్ని లోపలివైపునుంచి తోముతున్నాడు. బ్రష్షు ఆ ముద్రల మీదుగా అటూ ఇటూ పోతోంది.

"పోతున్నాయా?" పైనుంచి అడిగాడు.

"లేదు."

"గట్టిగానే తోముతున్నానే."

కుట్టక్క దగ్గరికి వెళ్ళింది. వేలు చాచింది. అద్దానికి ఇవతలివైపు, తాను నిలబడిన వైపు, ముద్ర మీద పెట్టింది.

వేలికి పాచి అంటుకుంది. ఇంకా తడిగానే ఉంది.

కిందికి చూసింది. సిమెంటు మీద ఎండిన పచ్చటి అడుగులు, బాతు పాదాల్లా వెడల్పుగా. తొట్టి గట్టు మెట్లమీదనుంచి గదిలోకి, గోడ దగ్గరికి, అక్కణ్ణించి కుర్చీ వెనక్కి. కుర్చీ వెనక చాలాసేపు నిలబడినట్టుంది, అక్కడ చిన్న మడుగే కట్టింది. తర్వాత అద్దం. తర్వాత విరిగిన తలుపులోంచి బయటికి.

ఆవిడ వాటి వెంటే నడిచింది. ముంగిలి దాటాయి. పేకాట చాప పక్కనుంచి పోయాయి. దర్శకుడి కారు ఆగే చోట, వెనక తలుపు ఉండేచోట, ఆగిపోయాయి.

తొట్టివైపు తిరిగొచ్చిన అడుగు ఒక్కటి కూడా లేదు.

బావ బ్రష్షు పట్టుకుని వచ్చాడు. అడుగులు చూశాడు. ఆవిడ మొహం చూశాడు. 

"ఆయనకు ఫోను చేసి చెబుదామా?"

కుట్టక్క కారు ఆగే చోటు వంకే చూస్తోంది.

"పోనీ... తొట్టి మీద రేకులు మూసెయ్యనా?"

ఆవిడ వేలికంటిన పాచిని చీర కొంగుకు జాగ్రత్తగా తుడుచుకుంది, పసివాడి మూతి తుడిచినట్టు.

"మూయకు," అంది. "పని చూసుకుని వస్తాడు."